గేటు దాటిన టైం

రెండువేల దశకం చివర్లో మా ఆఫీసు చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర, టైర్ల షాపు పైన మూడో అంతస్తులో ఉండేది. నెట్‌వర్కు తీగతో కలిపిన రెండు కంప్యూటర్ల గడియారాలు సెకనులో పదిలక్షవ వంతైనా తేడా లేకుండా నడవాలి. అది నా పని. కుదరకపోతే బెంగళూరు వాళ్లకు ఇచ్చేస్తానని కస్టమరు ముందే చెప్పాడు. "పాతబస్తీల గిసుంటి పనులు అయితయా అమ్మా?" అని కూడా అన్నాడు. అదే పాతబస్తీలో, దబీర్‌పురాలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఒళ్లు మండింది.

రెండు యంత్రాలూ సందేశాలు పంపుకుని, పంపిన టైం, అందిన టైం చూసి గడియారాలు దిద్దుకుంటాయి. ఆ టైం వేసేది సాఫ్ట్‌వేర్. దానికి తీరిక ఉంటే సరిగ్గా వేస్తుంది, వేరే పనిలో మునిగితే దానిష్టం. అందుకే తీగ తగిలే చోటే టైం వేసే కొత్త కార్డులు తెప్పించి బిగించాం. తేడా తగ్గింది గానీ పోలేదు.

"ఇంకేంది లొల్లి? కార్డులు గూడ తెప్పిస్తిమి గద!" అని మా మేనేజరు తల పట్టుకున్నాడు.

మా ఆఫీసులో హాజరు పద్ధతి ఒకటుండేది. వచ్చినప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్ టైం రాస్తాడు. వెళ్లేటప్పుడు మాత్రం సీట్లో ఉండగానే మేమే రాసుకుంటాం. ఒక సాయంత్రం మేనేజరు అలాగే రాసేసి, సంచి భుజాన వేసుకుని, క్రికెట్ ముచ్చట మొదలుపెట్టాడు. ఎంతకీ కదలడు.

"సార్, మీరు పోయిండ్రని రాసి ఉన్నది. మీరేమో ఈడనే ఉన్నరు," అన్నాను. అన్నాక నా మాటే నాకు తట్టి సీటుకు పరిగెత్తాను.

మా ప్రోగ్రాం చేస్తున్నదీ అదే. అందిన టైం కార్డును అడుగుతోంది. పంపిన టైం మాత్రం ఇంకా తనే రాసుకుంటోంది, సందేశం గేటు దాటకముందే. ఒక యంత్రం మీద పని ఎక్కువ, రెండోదాని మీద తక్కువ కాబట్టి ఆ తప్పులు సమానంగా ఉండి ఒకదానితో ఒకటి చెల్లిపోవడం కూడా లేదు. రెండు టైములూ కార్డునే అడిగేలా మార్చాను.

పరీక్ష రోజు కస్టమరు వచ్చాడు. రెండు యంత్రాల నుంచీ చెరో వైరు కొలిచే పరికరానికి తగిలించాను. ఒక్కో యంత్రం సెకను కొట్టగానే ఆ పరికరం తెర మీద ఒక్కో గీత లేవాలి. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"రెండో వైరు పెట్టుడు మర్చిపోయినవా అమ్మా? ఒక్క గీతనే ఉన్నది."

నాకు గుండె గర్వంతో నిండిపోయింది. తెర పక్కనున్న నాబ్ తిప్పి, ఆ గీతను కొంచెం పైకి జరిపాను. రెండోది దాని కిందే ఉంది.