విఠల్ సేటు విమానం మీద వేసిన నింద

మిర్యాలగూడలో ఆ రైసు మిల్లు తగలబడింది విఠల్ సేటు విమానం వల్ల కాదు. అయినా విమానం వల్లనే అని చెప్పారు. ఊరు నమ్మింది. ఆయన పక్కన కూర్చుని చాయ తాగిన హమాలీలు కూడా నమ్మారు. ఆ మాటను ఇప్పటికీ చెప్పుకునే ముసలివాళ్ళు కొందరు మిగిలే ఉన్నారు, వాళ్ళకంటే ముందు నేను పోతే అబద్ధమే నిలిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

మొన్న కోదాడలో మా పక్కింటి మేడ మీద నుంచి ఒక వాసన వచ్చింది. తియ్యగా, గొంతుకు పట్టుకునే వాసన. మెట్లెక్కి చూద్దును గదా, ఇంజనీరింగు చదివే ఇద్దరు కుర్రవాళ్ళు రిమోటుతో ఎగిరే విమానం బ్యాటరీని పరుపు మీద పెట్టి ఛార్జింగు చేస్తున్నారు. అది పూరీలాగా పొంగి ఉంది. వాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళను నాలుగు తిట్టి, తీగ పీకేసి, పటకారుతో దాన్ని పట్టుకుపోయి బయటి ఇసుక కుప్పలో పాతిపెట్టాను. "ఏం కాదులే తాతా, కంగారు పడమాక" అన్నాడొకడు. రెండో వాడు, విమానాల సంగతి నీకెలా తెలుసని అడిగాడు. నాకెలా తెలుసో చెప్పాలంటే విఠల్ సేటు సంగతి చెప్పాలి.

సాగర్ కాలువ నీళ్ళు వచ్చి మిర్యాలగూడలో మిల్లులు లేస్తున్న కాలం. గరిడేపల్లి దగ్గరి మా తండా నుంచి నేను హమాలీ పనికి వచ్చాను. బడి ముఖం చూడలేదు. బస్తాల మీద అచ్చు వేసిన అక్షరాలు చూసి చదువు నేర్చుకున్నాను. మిల్లు ఇద్దరు అన్నదమ్ములది. పెద్ద సేటు వ్యాపారం, పూజలు, ఊళ్ళో పెద్దరికం చూసుకునేవాడు. తమ్ముడు విఠల్ సేటు హైదరాబాదులో చదివి, చదువుతో పాటు విమానాల పిచ్చి తెచ్చుకున్నాడు. తేలిక కర్రతో, పల్చని కాగితంతో రెక్కలు చేసేవాడు. బొటనవేలంత ఇంజను బొంబాయి నుంచి తెప్పించాడు. కింద నుంచి దాన్ని తిప్పే రేడియో పెట్టె మాత్రం తానే అతుకులు వేసి చేసుకున్నాడు. అణకువగల మనిషేం కాదు. నల్లద్దాలు, పూల చొక్కా, ముక్కు మీద కోపం. తనంత మొనగాడు జిల్లాలో లేడని తానే చెప్పుకునేవాడు.

ఒక రోజు బస్తా మోసుకుంటూ వస్తుంటే ఆయన దారికి అడ్డంగా రెక్కలు పరుచుకుని కూర్చున్నాడు. మిగతా హమాలీలు చుట్టూ తిరిగి పోతున్నారు. జరగమని నేను గట్టిగా అన్నాను. ఆయన లేచి రెక్కలు జరుపుకున్నాడు. సాయంత్రం నన్ను పిలిచి, "గీళ్ళంత తలకాయలు ఊపుతరు. నువ్వొక్కనివి నోరు తెరిచినవ్. విమానం కాడ నాకు నోరున్నోడు గావాలె" అన్నాడు. అప్పటి నుంచి బస్తాల పని తగ్గి, ఆయన వెంట తిరగడం ఎక్కువైంది.

నిడమనూరు వైపు కాలువ గట్టు మీద ఎగరేసేవాళ్ళం. ఆ ఇంజను తాగేది ఈథరు కలిపిన నూనె, నిప్పంటే ఎగిరిపడే సరుకు. దిగగానే గాలి ఎటు వీస్తోందో, గడ్డివాములు ఎటున్నాయో చూసేవాడు. వాములు గాలివాటున ఉంటే ఎంత దూరం వచ్చినా మూట విప్పకుండా వెనక్కి తిప్పేవాడు. నూనె డబ్బా దూరంగా తుమ్మచెట్టు నీడన ఉండాలి. నా చేతిలో తడి గోనెసంచి ఉండాలి. ఒకసారి విమానం మాట వినక కోసిన మడిలో కూలింది. ఎండిన కొయ్యకాళ్ళ మధ్య ఇంజను కాలిపోతోంది. నేను పరుగెత్తి దాని మీద గోనె కప్పాను. గట్టు మీది రైతు ఒకడు నవ్వి, "బొమ్మకు దుప్పటి కప్పుతున్నరా సేటూ?" అన్నాడు. ఈయన నల్లద్దాలు తియ్యకుండానే, "అవునే, జెరమొచ్చింది. నువ్వు జర బీడీ ఆర్పు, నీ గడ్డికి గిట అంటుకుంటది" అన్నాడు. ఆ రైతు బీడీని కాలువలోకి విసిరాడు.

మిల్లులో ఒక గదిలో లారీల బ్యాటరీలు, రేడియో పెట్టె బ్యాటరీ ఛార్జింగు చేసేవాళ్ళం. ఆ గది పక్కనే గోనెసంచుల గోదాము. దూరంగా ఒక రేకుల షెడ్డు వేసుకుంటానని విఠల్ సేటు అన్నతో ఎన్నిసార్లో కొట్లాడాడు, జాగా దొరకలేదు. దొరకనప్పుడు ఉన్న గదికే కట్టుబాట్లు పెట్టాడు. బ్యాటరీ మూతలు తీసి ఉంటాయి, లోపల యాసిడ్డు బుడగలు కడుతుంది, ఆ బుడగల నుంచి వచ్చే గాలికి కంటికి కనపడే రూపం లేదు, వాసన కూడా సరిగా రాదు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. వానైనా చలైనా కిటికీ మూయకూడదు. బీడీ, అగ్గిపుల్ల, అగరుబత్తి ఏదీ గడప దాటకూడదు. ఈథరు డబ్బా ఆ గదిలోకి ఎన్నడూ రాలేదు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి.

ఆ యేడు దసరా వచ్చింది. మిల్లులో ప్రతి యంత్రానికీ బంతిపూలు, పసుపు, కుంకుమ, హారతి. లారీలు ఆగి ఉంటాయి కనుక బ్యాటరీలన్నీ ఛార్జింగులో పెట్టాం. విఠల్ సేటు విమానం తీసుకుని కాలువ గట్టుకు పోతూ, బ్యాటరీలకు పూలు పెట్టండి, హారతి మాత్రం గడప బయట నుంచే ఇవ్వండి అని అన్నకూ చెప్పాడు, నాకూ చెప్పాడు. పూజ మొదలవుతుందనగా నేను కరెంటు ఆపేశాను. ఆపినా ఆ గాలి గదిలోంచి పోవడానికి కొంత సమయం పడుతుంది. పెద్ద సేటు కర్పూరం వెలిగించిన పళ్ళెంతో వచ్చాడు. హారతి మధ్యలో ఆరితే యేడంతా అరిష్టమని ఆయన భయం. గాలి కొడుతోందని కిటికీ మూయించాడు. నేను గడపకు అడ్డం నిలబడి లోపలికి రావొద్దన్నాను.

"లారీకిచ్చి, ఇంజనుకిచ్చి, లచ్చిమిని దెచ్చే దీనికి బయట నుంచి ఇయ్యాల్నారా? జరుగు లచ్చిరాం" అన్నాడు.

జరగలేదు. ఇద్దరు గుమస్తాలు నన్ను పక్కకు లాగారు. ఆయన వంగి పళ్ళెం తిప్పాడు. తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు. బ్యాటరీ పైభాగం ఎగిరింది, నా మోచేతి మీద యాసిడ్డు పడింది, పెద్ద సేటు కనుబొమ్మలు మాడాయి. పళ్ళెంలోని కర్పూరం గోదాము గుమ్మంలో గోనెసంచుల మీద పడింది. ఆ తరువాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. ప్రాణాలు పోలేదు, మిల్లు సగం పోయింది. ఆ పంటకాలం హమాలీలకు పని లేకుండా పోయింది.

మంటలు ఇంకా చల్లారకముందే పెద్ద సేటు గేటు దగ్గర నిలబడి, మా వాడి విమానం నూనె పేలిందన్నాడు. గుమస్తాలు తల ఊపారు. కాదు, హారతి వల్లనని నేను అరిచాను. పండుగ పూట దేవుడి హారతిని తప్పుపడతావా అని నా తోటి హమాలీలే నన్ను తోసేశారు. అప్పుడే విఠల్ సేటు భుజం మీద చెక్కుచెదరని విమానంతో వచ్చాడు. "కాలువ కాడున్న విమానం గీడెట్ల పేల్తది?" అని ఒక్కమాట అడిగాడు. హమాలీలు విమానం లాక్కుని కాళ్ళతో తొక్కారు. తొక్కిన వాళ్ళలో ఆయన పక్కన కూర్చుని చాయ తాగిన వాళ్ళున్నారు.

ఆయన సూర్యాపేట వచ్చి హైవే పక్కన బ్యాటరీ దుకాణం పెట్టాడు. నేను వెంట వచ్చాను. మిల్లు తగలబెట్టినోడి దగ్గర బ్యాటరీ ఎవరు పెడతారని లారీవాళ్ళు దాటి పోయేవారు. దుకాణం మూసే గతి పట్టింది. దసరా వచ్చినప్పుడల్లా నేను బస్సెక్కి మిర్యాలగూడ పోయి, కొత్తగా కట్టిన మిల్లు గేటు ముందు నిలబడి ఒకే మాట అడిగేవాణ్ణి: హారతి పళ్ళెం ఎవరి చేతిలో ఉంది? కాపలావాడు గెంటేవాడు. మళ్ళీ దసరాకు పోయేవాణ్ణి. పండుగ పూట ఎందుకు పోతావని విఠల్ సేటు విసుక్కునేవాడు. నోరున్నవాడు కావాలని తెచ్చుకున్నది మీరే కదా అనేవాణ్ణి. నవ్వి, బస్సుకు జాగ్రత్త అనేవాడు.

ఇప్పుడు ఆయన లేడు. నిప్పుకు భక్తి తెలియదు, పెద్దరికం తెలియదు, దాని ముందు నిజమే చెప్పాలని నాకు నేర్పింది ఆయన. ఆ మేడ మీది పిల్లలను తిట్టిన నోరు ఆయన ఇచ్చిందే. ఇంకా తిడతాను. బ్యాటరీని బయట పలకరాయి మీద పెట్టి, నిండేదాకా పక్కనే కూర్చోమంటాను. విసుక్కుంటే విసుక్కోనీ.

నేను చివరిసారిగా మిర్యాలగూడ వెళ్ళిన దసరా నాడు కాపలావాడు నన్ను గెంటబోతుంటే పెద్ద సేటే గేటు దాకా వచ్చాడు. చిక్కిపోయాడు. వెనక పూజకు వచ్చిన హమాలీలంతా ఉన్నారు, ఆ రోజు నన్ను తోసినవాళ్ళతో సహా. అదే మాట అడిగాను. ఆయన కాపలావాణ్ణి పక్కకు పొమ్మని, అందరికీ వినపడేటట్టు జవాబు చెప్పాడు:

"నా చేతిలనే ఉండె లచ్చిరాం. కిటికీ మూయించింది గూడ నేనే. దేవుని మీద ఏసేటంత ధైర్యం లేకుండె, నా మీద ఏసుకునేటంత గుండె లేకుండె. తమ్ముడే గద, ఏమనడని వాని మీద ఏసిన."