నల్లరాయి మీద తెల్లచారలు

హరారేలో వింబాయ్ అనే చిన్నపిల్ల వాళ్లింట్లో సెకెసాయి పనికి కుదిరి మూడో నెల. వంటింటి నిండా నల్ల గ్రానైటు గట్టు. దాన్ని రోజూ సబ్బునీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచేది. బోరునీళ్లు చిందినచోట మాత్రం కుళాయి చుట్టూ తెల్లగా పొర కట్టేది.

ఆ శనివారం వింబాయ్ తల్లి బయటికి వెళ్తూ, "సాయంత్రం మా ఆడపడుచు వస్తోంది. ఆ తెల్లచారలు కనిపించాయంటే ఊరంతా చెప్పుకుంటుంది. గట్టు తళతళలాడాలి" అంది.

సెకెసాయి బ్లీచు పోసి రుద్దింది. చారలు కదల్లేదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సీసా గుర్తొచ్చింది. బ్లీచు తడి ఆరకముందే ఆ సీసా వంచింది.

సన్నగా బుస్సుమంది. రెండూ కలిసి లేచిన పచ్చని విషపు ఆవిరి మొహానికి కొట్టింది. గొంతులో నిప్పు పోసినట్టయింది. కళ్లు మూసుకుని గోడ తడుముకుంటూ పెరట్లోకొచ్చి పడింది.

అప్పుడు గుర్తొచ్చింది. వింబాయ్ నాయనమ్మ లోపలే ఉంది. చలికి కిటికీలన్నీ మూయించి, వంటింటి మూల కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమెకు ఉబ్బసం.

 మళ్లీ లోపలికెళ్తే తనూ చస్తుంది. అయినా తలగుడ్డ తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్లింది. ముసలావిడ కుర్చీలోంచి జారి నేల మీద కూలబడి ఉంది. చంకల కింద చేతులేసి బయటికి ఈడ్చుకొచ్చింది.

"అవ్వా, ఊపిరి తీసుకో. అవ్వా."

పెదవులు నీలంగా ఉన్నాయి. గుండెల్లో పిల్లికూతలు. కరెంటు లేదు, మోటారు గేటు తెరుచుకోదు. చంపేశాను, చంపేశాను అనుకుంటూ సెకెసాయి గేటును పిడికిళ్లతో బాదింది.

పక్కింటి తోటమాలి బకిలి ఆ చప్పుడు విని గోడ దూకి వచ్చాడు. "ఏడుపు తర్వాత. గేటు పక్కన ఆ మోటారు పెట్టె మూత తియ్, చేత్తో తిప్పే మర ఉంటుంది" అని తనే గేటు తెరిచాడు. తన యజమాని కారులో ఇద్దరినీ ఆసుపత్రికి చేర్చాడు.

వింబాయ్ తల్లి పరుగెత్తుకొచ్చేసరికి అత్తగారి మొహానికి ఆక్సిజన్ గొట్టం ఉంది. సెకెసాయి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పోలీసుల్ని పిలుస్తారనే అనుకుంది.

"ఏం పోశావే? అసలు ఏం కలిపావు?"

చెప్పబోతే దగ్గు తెర వచ్చి మాట రాలేదు. ముసలావిడ గొట్టం పక్కకి జరిపింది.

"దాన్నెందుకు అడుగుతావ్? తళతళలాడాలన్నావుగా. వెళ్లి చూసుకో." కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. "ఇది మళ్లీ లోపలికి రాకపోతే నువ్వీపాటికి నా శవం దగ్గర కూర్చునేదానివి."

కోడలు దగ్గరికొచ్చింది. మంచం పట్టె మీద కూర్చుని సెకెసాయిని తనవైపు లాక్కుంది. కోడలి చేతులూ సెకెసాయి చేతుల్లాగే చల్లబడి ఉన్నాయి.

తెల్లచారలు పోయాయి. వాటి చోట పళ్లెమంత మేర రాయి మెరుపు పోయి బూడిదరంగు తేలింది. రాయి కోసేవాడిని పిలిస్తే, పైన మళ్లీ మెరుగు పెట్టాల్సిందేనని, ఇకమీదట సబ్బునీళ్లు తప్ప ఏదీ పోయొద్దని, నీళ్లు చిందిన వెంటనే పొడిగుడ్డతో తుడిస్తే పొరే కట్టదని చెప్పాడు. యాసిడ్ సీసా ఆ ఇంట్లోకి మళ్లీ రాలేదు.

సెకెసాయి పని మానలేదు. కానీ చాలాకాలం వంటింట్లో అడుగుపెట్టే ముందు గడప దగ్గర ఆగి, గాలి వాసన చూసేది.