నా బదులు నాన్న చెప్పిన జవాబు

చిన్నప్పుడు తిన్న దెబ్బలు పెద్దయ్యాక ఒంటిని ఏం చేస్తాయో తెలుసుకుందామని, నాకు పదేళ్ళున్నప్పటి నుంచి సర్వేవాళ్ళు కొన్నేళ్ళకోసారి బొబ్బిలిలో మా ఇంటికొస్తున్నారు. ఎత్తు కొలుస్తారు, బరువు తూస్తారు, ఇంట్లో ఎవరైనా కొడతారా అని అడుగుతారు. అడిగేది నన్నే అయినా జవాబు నాన్న చెప్పేవాడు.

"మా ఇంట్లో అలాటియి లేవండి."

ఎడ్ల చెర్నాకోల అప్పుడు ఆయన వెనకే మేకుకి వేలాడుతుండేది.

ఇప్పుడు నాకు నలభై. బీపీ మాత్ర వేసుకోనిదే రోజు గడవదు. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. మొన్న సర్వే అమ్మాయి వచ్చి అదే ప్రశ్న అడిగింది. మంచం మీద కూర్చున్న నాన్న పొల్లుపోకుండా పాత జవాబే చెప్పాడు.

"కొట్టీవోడని రాయమ్మా," అన్నాను. "చెర్నాకోలతో."

నాన్న ముఖం మాడ్చుకున్నాడు. "అప్పుడందరూ కొట్టీవోరే. నీకిప్పుడేటైపోనాది?"

"ఏటైపోనాదో సూడ్డానికే ఈ అమ్మాయి వచ్చినాది. రాసుకోనీ."

ఆ అమ్మాయి తలెత్తకుండా తర్వాతి ప్రశ్న చదివింది: నెలకు ఎన్నిసార్లు కొట్టేవారు?

"అది మాత్రం ఆయన్నే అడగమ్మా. నేను కళ్ళు మూసుకునుండీదాన్ని."