పన్నెండు గ్లాసుల్లో ఒకటి

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని, ఎవరూ లేచి తిరగరని పదిహేనేళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకు చెబుతున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే మా ఇంట్లో జరిగింది నాకు ఎక్కడా ఇమడడం లేదు.

మా ఆయన సాల్మన్ ఫీనిక్స్ బే రేవు నుంచి చుట్టుపక్కల దీవులకు తిరిగే బోటులో ఇంజన్ పని చేస్తారు. బరువు నూట ముప్పై కిలోలు దాటాక ఒకరోజు ఇంజన్ రూం నిచ్చెన దిగుతూ మధ్యలో ఇరుక్కుపోయారు. తోటివాళ్ళు నవ్వుతూ పైకి లాగారు. ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళి టికెట్ల కిటికీ వెనక కూర్చోబెట్టారు. ఆ అవమానం పడలేక చెన్నై వెళ్ళి పొట్ట తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నారు.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. లావు తిండిపోతుతనం వల్ల వచ్చే పాపమని, ఉపవాస ప్రార్థనతోనే అది వదులుతుందని మా పాస్టర్ గారు బోధించేవారు. మా తమ్ముణ్ణి చూడడానికి వెళ్తున్నామని చెప్పాం.

తిరిగొచ్చాక మొదటి వారాల్లో నీళ్ళు, వడకట్టిన చారు, పలచని సూపు తప్ప ఏమీ పెట్టకూడదు. అదీ గడగడా తాగకూడదు. ఒక్క ఔన్సు నీళ్ళు పావుగంట సేపు తాగాలి. ఆస్పత్రివాళ్ళిచ్చిన కొలత కప్పు లాడ్జిలో మరిచిపోయాం. చర్చికి ప్లాస్టిక్ గ్లాసులు వచ్చాక ప్రభువు బల్లలో ద్రాక్షరసం ఇచ్చే పాత గ్లాసులు నా దగ్గరే ఉండిపోయాయి. బొటనవేలంత గాజు గ్లాసులు, పగలకుండా మిగిలినవి పన్నెండు. సిరంజితో కొలిస్తే ఒక్కోదానిలో పదిహేను మిల్లీలీటర్లు పట్టింది. తప్పేమో అనిపిస్తూనే వాడాను.

ఆ రోజులు నాకు మాత్రమే తెలుసు. ఆయన జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. మా జంగ్లీఘాట్ పేటలో ఏ ఇంట్లో చేపలు వేయించినా మా ఇంట్లోకి వాసన వస్తుంది. ఆ వాసనకు ఆయన గోడవైపు తిరిగి ఏడ్చేవారు. నేను తలుపు వెనక నిలబడి తినేదాన్ని.

చూడడానికి వచ్చిన సంఘస్థులు ఆయన ఏమీ తినకపోవడం గమనించారు. ఉపవాసమా బ్రదర్ అని ఒకాయన అడిగారు. మా ఆయన నావైపు చూసి తల దించుకున్నారు. దాన్ని వాళ్ళు అవుననుకున్నారు.

మూడు నెలల్లో ముప్పై కిలోలు పోయాయి. మళ్ళీ బోటు ఎక్కారు. పాస్టర్ గారు సాక్ష్యం చెప్పమని ముందుకు పిలిచారు. నలభై రోజులు ప్రభువు తనను నిలబెట్టాడని మా ఆయన చెప్పారు. ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఆడవాళ్ళ వరుసలో కూర్చుని నేను కూడా అందరితో పాటు స్తోత్రం అన్నాను.

నా పక్కన రాహేలక్క కూర్చుని ఉంది. ఆమె భారీ మనిషి, షుగరుకు మాత్రలు వేసుకునేది. పదేళ్ళుగా ప్రతి నెలా బల్ల గ్లాసులు మేమిద్దరమే కడిగేవాళ్ళం. నేను కడిగినవి ట్రేలో నిలబెట్టేదాన్ని. ఆమె మాత్రం కిటికీ గట్టు మీద మడతపెట్టిన తువ్వాలు వేసి, ఒక్కొక్కటే బోర్లించేది. ఎందుకక్కా అంటే, దుమ్ము తాగించావని ప్రభువు నిన్నే అడుగుతాడే అని వేళాకోళమాడేది.

ఆ సాక్ష్యం విని ఆమె కూడా నలభై రోజుల ఉపవాసమని మొదలుపెట్టింది. మాత్రలు మానేసింది. నీళ్ళూ మానేసింది. మూడో రోజు మధ్యాహ్నం గోడ పట్టుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"ఏటే మార్తా, సాల్మన్ భయ్యా ప్యాస్ ఎలా తట్టుకున్నాడే? నాకు నాలుక పిడచగట్టుకుపోతంది."

నీళ్ళు నింపిన గ్లాసుల ట్రే బల్ల మీదే ఉంది. ఆమె రావడం చూసి దాని మీద గుడ్డ కప్పింది నేనే. చెయ్యి చాపితే అందే దూరం.

"ప్రార్థన చెయ్యక్కా" అన్నాను.

"సేస్తన్నానే. నీ మొగుడికున్నంత విశ్వాసం నాకు లేనట్టుంది" అని నవ్వి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజులకు పోయింది. షుగరు, దానికి తోడు ఒంట్లో నీరు లేకపోవడం అని డాక్టరు అన్నారట. ప్రభువు పిలుచుకున్నాడని పాస్టర్ గారు అన్నారు. జ్ఞాపకార్థ కూడికలో కోడి బిర్యానీ పెట్టారు. ఉపవాసంతో పోయిన మనిషి పేరున అందరూ రెండోసారి కూడా వడ్డించుకున్నారు.

తర్వాతి వారం నుంచి మొదలైంది. మా ఆయనకు ఇప్పటికీ నీళ్ళు కొంచెం కొంచెంగానే దిగుతాయి. అందుకని నేను పని చేసే స్కూలుకు వెళ్ళేముందు పన్నెండు గ్లాసులు నింపి, మూత పెట్టి, ఇంటికి తాళం వేసేదాన్ని. బోటు దిగి మధ్యాహ్నం రెండింటికి నాకంటే ముందు ఆయనే వస్తారు.

పదకొండే నింపావేం అని ఒకరోజు అడిగారు. చూస్తే పన్నెండోది కిటికీ గట్టు మీద బోర్లించి ఉంది. లోపల తడి ఆరలేదు. కింద మా తువ్వాలే, మడతపెట్టి ఉంది.

మరిచిపోయానేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. పిల్లి అనుకోవడానికి మూత తీసి లేదు. కిటికీకి దోమల జాలీ ఉంది, చెయ్యి దూరదు. మా ఆయన పనేమోనని ఆయన తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. ఆయన గుమ్మంలో నేను వచ్చేదాకా కూర్చున్నారు. ఇద్దరం కలిసి తలుపు తీశాం. పదకొండే ఉన్నాయి.

ఒక సెలవు రోజు ట్రే ఎదురుగా కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి కూర్చున్నాను. ఒంటిగంట దాకా పన్నెండూ నిండుగా ఉన్నాయి. వాన మొదలైతే ఆరేసిన బట్టలు తీయడానికి గుమ్మం దాటాను. తిరిగి లోపలికి వచ్చేసరికి ఒకటి గట్టు మీద ఉంది.

మా ఆయన ఆ గ్లాసులు సముద్రంలో పారేయమన్నారు. ముందు సంఘంలో నిజం చెప్పండి అన్నాను. "మళ్ళీ నన్ను చూసి నవ్వాలా?" అన్నారు. ఆయన కుట్లు కుళ్ళకుండా, ఒళ్ళు ఎండకుండా నెలల తరబడి కాపాడినదాన్ని. ఆ మాటతో ఆయన మీద నాలో ఏదో ఆరిపోయింది.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో నేనే లేచాను. అది ఉపవాసం కాదు, ఆపరేషన్ అన్నాను. రోజంతా నీళ్ళు తాగుతూనే ఉన్నారన్నాను. రాహేలక్క అడిగితే నేను దాచానన్నాను. మా ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. పాస్టర్ గారు చెయ్యెత్తి, డాక్టరు చేతులు కూడా ప్రభువువే, స్తోత్రం చెప్పండి అన్నారు. అందరూ చెప్పారు. రాహేలక్క కూతురు ఒక్కతే చెప్పలేదు. తల తిప్పి నన్నే చూస్తూ కూర్చుంది.

ఒప్పుకున్నాను కాబట్టి ఇక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

మా ఆయన ఇప్పుడు సీసాతో తాగుతున్నారు, ఆ గ్లాసులు ముట్టరు. నాతో అవసరమైనంతవరకే మాట్లాడతారు. మృతులకు దాహం ఉంటుందని నేను చదివిన వాక్యంలో ఎక్కడా లేదు. తాళం వేసిన ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియదు. ఎవరైనా చెప్పగలిగితే వింటాను.

అప్పటిదాకా పొద్దున్నే పన్నెండూ నింపుతున్నాను. గుడ్డ మాత్రం కప్పడం లేదు.