గుంగా పిలిచింది

ఆదివారం పొద్దున్నే గుంగా తీగ తెగింది.

జొవెలీనా ఆ ఒంటితీగ వాయిద్యపు విల్లును మోకాలికి ఆనించి వంచి, ముడి బిగిస్తుండగా టప్పుమని తెగి చెంప మీద చారిక గీసింది. పాత లారీ టైరు చీల్చి తీసిన తీగ అది. ఏళ్ల తరబడి తెగనిది ఇవాళే తెగింది. ఆమె భుజం మీది గుడ్డతో చెంప అద్దుకుని, దిష్టి తగలకుండా చెవి వెనక పెట్టుకున్న సదాపాకు రెమ్మ ఉందో లేదో తడిమి చూసుకుని, ఇంకో తీగ అందుకుంది.

పొగాకు గోదాము పెరట్లో స్నేహితురాలు జెలీతా పెద్ద కుండ దగ్గర కూర్చుని కర్రపెండలం ఆకు కూర కలుపుతోంది. వారం రోజులుగా ఆ కుండ పొయ్యి దిగలేదు.

"ఉడికిందా?" అడిగింది జొవెలీనా.

"ఉడక్కపోతే అందరం ఒకేసారి పోతాంలే. ఆకులో విషం ఉంటుందిగా. ఒక్క ముద్ద ముందుగా ఆ జటోబా మేస్త్రికి పెడదామా, పరీక్షగా?"

జెలీతా తన జోకుకు తనే నవ్వింది. జొవెలీనా నవ్వలేదు.

కీడెంచి మేలెంచమంటారు పెద్దలు. జొవెలీనా కీడొక్కటే ఎంచుతూ వారం గడిపింది. ఆ రోజు ఆమె మేనకోడలు లుజియానికి కపోయెరా అనే, పాటకు తగ్గట్టు కాళ్లతో తలపడే ఆటలో, బాప్తిస్మం. ఈ బాప్తిస్మానికి నీళ్లతో పనిలేదు, నేలతోనే పని. కొత్తగా నేర్చినవాళ్లు పెద్ద మేస్త్రితో, అంటే ఆట గురువుతో, వలయంలో దిగి ఆడాలి. ఆయన వాళ్లను నేల మీద పడేస్తాడు. పడి లేచినవాళ్ల నడుముకు రంగుతాడు కట్టి, ఆటపేరు పెడతాడు. మామూలుగా అదంతా నవ్వులాటే. కానీ ఈసారి లుజియానిని పడేసేది జటోబా. పదమూడేళ్ల కిందట లుజియాని తండ్రిని పడేసినవాడూ ఆ జటోబాయే. ఆ తండ్రి, జొవెలీనా తమ్ముడు అదెనోర్, అప్పటినుంచి సరిగ్గా లేచి నిలబడలేదు.

జటోబా అంటే గొడ్డలి మొద్దుబారిపోయే కొయ్య. ఆయన కాలు అలాంటిదని ఆ పేరు. అదెనోర్‌తో ఆడిన ఆ రోజు ఆట మితిమీరుతోందని గుంగా పిలిచింది. ఆటకు వాయించే మూడు విల్లుల్లో పెద్దది గుంగా, ఆట దాని మాట వింటుంది. ఒకే స్వరం గబగబా మోగిందంటే ఆగమని అర్థం. ఎక్కడివాళ్లక్కడ ఆగి దాన్ని వాయించేవాళ్ల పాదాల దగ్గరికి రావాలి. అదెనోర్ ఆగాడు. జటోబా ఆగలేదు. మడమ వచ్చి అదెనోర్ కణత మీద పడింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. పిలుపు తర్వాత కొట్టడమంటే పడుకున్నవాణ్ణి పొడవడంతో సమానం. కషొయెరా ఊళ్లో నదికి ఇటూ అటూ ఆ మాట అనని నోరు లేదు.

జొవెలీనా అప్పటిదాకా కపోయెరా మొహం ఎరగదు. ఇనుప వంతెన దాటి వెళ్లి చుట్టల కార్ఖానాలో పొద్దంతా వంగి చుట్టలు చుట్టడం, ఇంటికొచ్చి నడుము పట్టుకుని మూలగడం, ఆమె బతుకు అంతే. తమ్ముడు మంచం పట్టాక నొనాతు మేస్త్రి ఆట నేర్పే ఈ పొగాకు గోదాముకు వెళ్లి, "నాకూ నేర్పు" అంది. నలభై దాటిన ఆడది, అంత లావు మనిషి. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఎందుకు నేర్చుకుంటున్నావని నొనాతు అడగలేదు. అడిగితే చెప్పేది కూడా: ఎప్పుడో ఒకప్పుడు వాడు ఇక్కడికి వస్తాడు, అప్పుడు నేనుండాలి.

కానీ ఆట మనిషి దగ్గర అనుమతి అడగదు. మొదటి ఏడాది ఆమె నడుము నొప్పి పోయింది. రెండో ఏడాది పాట వచ్చింది. కార్ఖానాలో మేనేజరు గదమాయిస్తే తల వంచుకునే మనిషి, తల ఎత్తి ఆయన కళ్లలోకి చూసి, "ఏమన్నారు బాబూ?" అనడం మొదలుపెట్టింది. రొట్టెల బట్టీలో పనిచేసే నత్తి కుర్రాడు ఇక్కడ పాడేటప్పుడు నత్తి లేకుండా పాడతాడు. మొగుడు పోయిన జెలీతా వారానికి రెండుసార్లు ఇక్కడ నవ్వుతుంది. ఎవరికి ఏం కావాలో అది ఈ చెక్క నేల మీద దొరికింది. జొవెలీనాకు మాత్రం అన్నీ దొరికినా పాత పగ పోలేదు. రోజూ చుట్ట ముట్టించినట్టు దాన్ని ముట్టించుకుంటూనే వచ్చింది.

లుజియానికి నేర్పింది కూడా ఆమే. "గుంగా పిలిస్తే ఊపిరి కూడా ఆపు" అని మొదటి రోజే చెప్పింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. నది మట్టిరంగుకు తిరిగింది. జటోబా మేస్త్రి తెల్ల లాల్చీ, తెల్ల ప్యాంటు, చేతికర్రతో ఒంటరిగా వచ్చాడు. డెబ్బై దగ్గర పడ్డా మనిషి నిటారుగా ఉన్నాడు. గుమ్మంలో నిలబడ్డ జొవెలీనా పళ్లు బిగించి, మర్యాద కోసం, "దణ్ణం మేస్త్రీ" అంది. ఆయన జవాబివ్వలేదు. పక్కనుంచి నడిచి వెళ్లిపోయాడు.

"చూశావా పొగరు?" అంది జెలీతా.

జొవెలీనా నొనాతు దగ్గరికి వెళ్లింది. "ఆయన్నెందుకు పిలిచావు?"

"మా గురువుగారి శిష్యుల్లో మిగిలింది మేమిద్దరమే. ఆయన పెద్దవాడు. మొదటి బాప్తిస్మం పెద్దవాడే ఇవ్వాలి. పైగా ఆయనే కావాలని అడిగింది నువ్వో నేనో కాదు, నీ మేనకోడలు."

లుజియాని జుట్టు ముడి వేసుకుంటూ వింటోంది. "అవును, నేనే అడిగాను. మా నాన్నని పడేసినాయన నన్నెలా పడేస్తాడో చూస్తా."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వేరే మేస్త్రి లేరే నీకు?"

"నువ్వు ఇన్నేళ్లు ఎందుకు నేర్చుకున్నావ్ అత్తా? చుట్టలు చుట్టడానికా?"

తను దాచుకున్న నిప్పు పిల్ల ఒళ్లో పడిందని జొవెలీనాకు అప్పుడు తెలిసింది. ఆమెకు నిజంగా భయం వేసింది.

పొద్దున ఆమె తీగ కట్టిన గుంగానే నొనాతు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. చనిపోయిన గురువుగారి విల్లు అది, పురుగు పట్టకూడదని వెన్నెల తరిగే రోజుల్లో నరికిన కొయ్య. "ఇవాళ ఇది నీది. నీకు కొత్త తాడు కూడా కడుతున్నాను. ఒక్క మాట విను. అతిథి మేస్త్రి బాప్తిస్మం ఇస్తుంటే నువ్వు పిలవకూడదు. పిలిస్తే ఆయన మొహాన ఉమ్మినట్టే, నా మొహాన కూడా."

"పిల్లకి ఏదైనా అయితే?"

"ఏమీ కాదు."

"పోయినసారి కూడా ఈ మాటే అనుకుని ఉంటారు."

నొనాతు వలయం కట్టమని అందరికీ చెయ్యి ఊపాడు.

వలయం కట్టారు. చప్పట్లు, డోలు, మూడు విల్లులు. గోడ పక్కన బల్ల మీద అదెనోర్, పనికొచ్చే చేతిని కర్ర మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గోదాములోకి రావడం అతనికి ఆ రోజు తర్వాత ఇదే మొదలు. జటోబా వైపు చూడలేదు.

ముసలాయన ముందు డోలు దగ్గరికి వెళ్లి దాని కట్టు మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనేమో అనుకున్నారు జనం. తర్వాత గుంగా పాదాల దగ్గర లుజియానికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పిల్ల వైపు చూడకుండా తీగ మీద కొట్టే పుల్ల పట్టిన జొవెలీనా చేతి వైపే చూశాడు. రెప్ప వెయ్యలేదు. బెదిరిస్తున్నాడు అనుకుందామె.

ఆట మొదలైంది. ముందు మెల్లగా, నేలబారుగా. ముసలాయన కాలు ఎంత నెమ్మదిగా లేచిందో అంత నెమ్మదిగా దిగింది. పిల్ల కిందనుంచి జారుకుంది. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. జొవెలీనా ఊపిరి పీల్చుకోబోయింది.

అప్పుడు లుజియాని కొట్టింది. ఆటలో చూపించి వదిలేసే తన్ను అది, ఆమె వదల్లేదు. మడమ అంచు ముసలాయన మూతికి తగిలింది. పెదవి చిట్లి తెల్ల లాల్చీ మీద రక్తం పడింది.

చప్పట్లు ఒక్క క్షణం తడబడ్డాయి. జటోబా పెదవి నాలుకతో తడిమి చూసుకున్నాడు. ఆయన మొహంలో ముసలితనం పోయింది. ఆ మొహం అదెనోర్ చూసినదే. గోడ దగ్గర కర్ర కింద పడిన చప్పుడైంది.

ఆట నేల వదిలి లేచింది. పిల్ల తిరుగుతోంది, ఆయన తిరుగుతున్నాడు. ఒక కాలు పిల్ల జుట్టు ముడిని తాకుతూ పోయింది. రెండోది చెవి పక్కనుంచి పోయింది. నొనాతు పెదవులు కొరుక్కుంటున్నాడు. జొవెలీనాకు తాడూ గుర్తు లేదు, మర్యాదా గుర్తు లేదు. పుల్లతో తీగ మీద ఒకే స్వరం, గబగబా, గోదాము రేకులు అదిరేలా కొట్టింది. పిలిచింది.

లుజియాని ఆగింది. నేర్పినట్టే, ఉన్నచోటే, ఊపిరి కూడా ఆపి. చేతులు దించి గుంగా వైపు తిరిగింది.

ముసలాయన వీపు గుంగా వైపు ఉంది. ఆయన కాలు అప్పటికే గాల్లో తిరుగుతోంది.

జొవెలీనా ఆలోచించలేదు. విల్లును రెండు చేతులతో వలయంలోకి తోసింది. మడమ వచ్చి పిల్ల కణతకు జానెడు దూరంలో కొయ్యను తాకింది. గురువుగారి గుంగా ఫెళ్లున విరిగింది. దానికి కట్టిన సొరకాయ బుర్ర పగిలి ముక్కలు నలువైపులా ఎగిరాయి. చప్పట్లు ఆగిపోయాయి.

జటోబా విరిగిన విల్లును చూశాడు, ఆమెను చూశాడు.

"ఇదేం పనమ్మా? గురువుగారి గుంగా ఇది! ఆట ఆపాలంటే పిలవాలి గానీ, విరగ్గొడతావా?"

"పిలిచాను మేస్త్రీ" అంది జొవెలీనా.

"ఏంటి?"

ఆయన ఆమె పెదవులకేసి చూస్తున్నాడు. ఇందాక గుమ్మంలో జవాబు రాని దణ్ణం, డోలు మీద అరచెయ్యి, పుల్ల వైపు రెప్ప వెయ్యని ఆ చూపు, అన్నీ ఒక్కసారి ఆమె కళ్ల ముందుకొచ్చాయి.

నొనాతు ఎదురుగా వచ్చి నిలబడి, మాట మాటకీ నోరు తెరిచి చెప్పాడు. "పిలిచింది. మేమంతా విన్నాం."

ముసలాయన ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లాడు. రొట్టెల కుర్రాడు, జెలీతా, పిల్లలు. ఎవరూ చూపు తిప్పుకోలేదు. చివరికి గోడ దగ్గర అదెనోర్ దగ్గర ఆగాడు. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని విషయం, తనకు తనే చెప్పుకోని విషయం, ముసలాయన మొహంలో అందరికీ కనబడింది. చెవిటి మేస్త్రిని వలయంలోకి ఎవరు రానిస్తారు? డోలు తాకి, చేతులు చూసి, నెట్టుకొచ్చాడు.

"ఆ రోజు..." అన్నాడు. "ఆ రోజు కూడా పిలిచారా?"

అదెనోర్ కింద పడ్డ కర్ర తీసుకోకుండానే, గోడ పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ వలయంలోకి వచ్చాడు. లుజియాని పట్టుకోబోతే భుజంతో తోసేశాడు. డోలు దగ్గర కూలబడి, ముసలాయన వైపు తల ఊపాడు. జటోబా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అదెనోర్ ఆయన చెయ్యి పట్టుకుని డోలు కట్టు మీద పెట్టాడు. తన మంచి చేత్తో తోలు మీద కొట్టాడు. ఒకే దెబ్బ, గబగబా, గుంగా పిలిచినట్టు.

"ఇదిగో, ఇలా పిలిచారు" అన్నాడు.

ఆపలేదు. మళ్లీ కొట్టాడు. మళ్లీ. బయట వాన మొదలైంది, రేకుల మీద చప్పుడుకు డోలు సరిగ్గా వినపడటం లేదు. ముసలాయన మాత్రం వింటున్నాడు. చెయ్యి తీసెయ్యబోతే అదెనోర్ అదే చేతి మోచేత్తో అదిమిపెట్టి కొడుతున్నాడు. తర్వాత ముసలాయన తీసెయ్యడానికి ప్రయత్నించడం మానేశాడు. చిట్లిన పెదవి మీదుగా కన్నీళ్లు కారుతున్నాయి.

కట్టని తాళ్లు కుర్చీ మీద అలాగే ఉన్నాయి. లుజియాని తన కణత మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. 'చాల్లేరా, ఇక ఆపరా' అందామనుకుంది జొవెలీనా. ఆపమని పిలవాల్సిన గుంగా ఆమె చేతిలో విరిగి ఉంది.