మొదటి గోడ అక్క చేత పెట్టించిన ఇల్లు

ఆన్‌లైన్‌లో మనం బొమ్మలుగా తిరిగే ఊహాలోకం ఒకటుంది. అందులో చాన్నాళ్లుగా ఒక ఇల్లు కడుతున్నాను. మా పాత కంప్యూటర్‌లో దాన్ని నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్ పనిచేయదు కాబట్టి, బయటివాళ్లు తయారుచేసిన తేలికపాటిది వాడుతున్నాను. రేపటి నుంచి దాన్ని లోపలికి రానివ్వరట.

కరెంటు పోయేలోపు ఇంటిని కంప్యూటర్‌లోకి దించుకుందామని ఈ సాయంత్రం కూర్చున్నాను. కుదరదంది. ఎవరు తయారుచేసింది వాళ్లే దించుకోవాలని కంపెనీ నిబంధన. గోడ మీద నొక్కి చూస్తే, తయారుచేసినవారి పేరు దగ్గర మా అక్క పేరుంది. తలుపు మీదా అదే.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంట్లో ఏ పనికైనా ముందు అక్క చెయ్యి పడాలి, ఆమె చెయ్యి మంచిదని. అందుకే మొదటి గోడ, మొదటి తలుపు ఆమె ఖాతాతో పెట్టించి, మిగతావన్నీ వాటికి నకళ్లు తీశాను. నకలుకు కూడా మొదట చేసినవాళ్ల పేరే పడుతుందట.

రేపు సోమందేపల్లెలో అత్తగారింటికి వెళ్లాలని అక్క బట్టలు సర్దుకుంటోంది.

"అక్కా, బిరీన రా. కరెంటు పోతాది."

వచ్చి, తన ఖాతా తెరిచి, గోడగోడకూ నొక్కి చూసింది.

"అన్నిటికీ నా పేరే ఉండాదే."

"నువ్వు దించియ్యి, నేను దాపెట్టుకుంటా."

"నాయన కట్టిన ఈ ఇంట్లో నా పేరు యాడుండాది రా?"

ఆమె ఇల్లు దించి, సీడీలోకి ఎక్కించి, తన సంచిలో చీరల మధ్య పెట్టుకుంది. తర్వాత కరెంటు పోయింది.

కరెంటు వచ్చాక, ఈ నిబంధన అన్యాయమని కంపెనీకి రాద్దామని కూర్చున్నాను. ఒక్క ముక్క కూడా రాయలేకపోయాను. ఏమని రాయాలో మీరెవరైనా చెప్పండి.