మేనత్త కొంగు

తెలంగాణ సమ్మెలో బస్సులు డిపోలు దాటని రోజుల్లో, మూడేళ్ల కూతురినీ ఏడాదిన్నర కొడుకునీ వేసుకుని నేను సిరిసిల్ల నుంచి కొండగట్టుకు పోయాను. భక్తితో పోలేదు. మేనల్లుడి మీద ప్రేమతో పోయానని కూడా చెప్పను. నా తమ్ముడి భార్యను నలుగురి ముందు ఒక మాట అనడానికి పోయాను.

మా పుట్టిల్లు కోరుట్ల. నన్నిచ్చింది సిరిసిల్లకు, మరమగ్గాలు నడుపుకుని బతికే ఇంటికి. ఆ మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. తమ్ముడికి జగిత్యాల పిల్లను చేసుకున్నాం. చదువుకున్న పిల్ల, ఏదైనా ముఖం మీదే అనేస్తుంది. మొదట్లో ఆ గుణాన్ని మెచ్చుకున్నది నేనే. వాళ్లకు కొడుకు పుట్టి తొట్టెలలో వేసిన రోజున పిల్లలిద్దరితో రెండు బస్సులు మారి కోరుట్ల చేరాను. నా కొడుక్కి బండెక్కితే వాంతులు. ఆ రోజు బస్సులో చేసుకున్నది చాలక, ఇంట్లో అడుగు పెట్టగానే కొత్త పరుపు మీద కూడా కక్కాడు. ఇల్లంతా చుట్టాలు. మరదలు దుప్పటి లాగేస్తూ అంది:

"గింత చిన్న పిల్లల్ని ఏసుకొని గంత దూరంకెల్లి ఎందుకచ్చుడు వదినె? ఇంట్ల ఉంటే ఏమైతుండె?"

అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. చేసేది లేక నేనూ నవ్వాను. నా పుట్టింటికి నేనెందుకు రావాలో నిన్న మొన్న వచ్చిన పిల్ల నన్నడిగింది! ఆ మాట కడుపులో పెట్టుకుని పది నెలలు మోశాను. బాసండ్లు తోముతుంటే అదే మాట, పిల్లాడి గుడ్డలు పిండుతుంటే అదే మాట. రోజుకో జవాబు తయారు చేసుకుని, మర్నాటికి దాన్ని ఇంకొంచెం పదును పెట్టేదాన్ని.

ఇంతలో మేనల్లుడి పుట్టువెంట్రుకలు కొండగట్టులో తీయిస్తున్నామని కబురు వచ్చింది. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పిల్లాణ్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేస్తాడు. ఆ వెంట్రుకలు నేల మీద పడకుండా మేనత్త కొంగు పట్టాలి. వాడికి మేనత్తను నేనొక్కదాన్నే. నేను కొంగు పట్టందే వాళ్ల పని కాదు. పట్టే ముందు, చుట్టాలందరూ వింటుండగా, దాని మాట దానికే అప్పజెబుదామని నిశ్చయం చేసుకున్నాను. అంతలో సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. మరదలే ఫోన్ చేసింది.

"బస్సులు బందున్నయి గదా వదినె. ఇద్దరు పిల్లలతోని ఏం అవస్థ పడ్తవ్? రాకున్నా ఏమనుకోం. మా అక్క ఉంటది గదా, ఆమెతోని కొంగు పట్టిపిస్తం."

"నేనస్తున్న. కొంగు నేనే పడ్త," అని ఫోన్ పెట్టేశాను.

మా ఆయన తల పట్టుకున్నాడు. బొగ్గుగనుల్లో కూడా సమ్మే కాబట్టి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చినప్పుడల్లా సాంచ దగ్గర ఉండాలి. నాతో వచ్చే వీల్లేదు. "బందుల పిల్లల్ని పట్టుకొని యాడ తిరుగుతవే? రావద్దని చెప్పింది గదా," అన్నాడు.

"రావద్దనలే. రాకున్నా ఏమనుకోమన్నది. గదే నాకు మండుతున్నది."

పాత నూలుచీర చింపి డజను గుడ్డలు చేశాను. వాంతులకు ప్లాస్టిక్ కవర్లు, వాసన చూపించడానికి నిమ్మకాయ, రస్కులు, పుట్నాలు, పిల్లకు రెండు గౌన్లు, పిల్లాడికి నాలుగు లాగులు, నీళ్ల సీసా. సంచి ఒక భుజాన, పిల్లాడు ఒక చంకన, పిల్ల చెయ్యి నా చేతిలో. తెల్లారగానే బయల్దేరాను.

వేములవాడ దాకా ఆటో దొరికింది. పదకొండు మందిమి ఎక్కాం. ఆ రోజుల్లో పిల్లలకు అమ్మ, నాన్న తర్వాత వచ్చిన మాట జై తెలంగాణే. నా కూతురు కనబడిన ప్రతి మనిషికీ, ప్రతి బర్రెకూ పిడికిలెత్తి జై తెలంగాణ అంటూ పోయింది. పిల్లాడు ఆటో ఎక్కిన కాసేపటికే మొదలుపెట్టాడు. మొదటిది కవర్లో పట్టాను. రెండోది పక్కన కూర్చున్న పెద్దాయన ధోతి మీద పడింది. ఆయన "పసిపోరడు, వానికేమెర్క బిడ్డా," అని తనే తుడుచుకున్నాడు. ముక్కూ ముఖం తెలియని మనిషికున్న మర్యాద నా మరదలికి లేకపోయిందే అని నాకు ఇంకా మండింది.

వేములవాడలో గంటన్నర నిలబడ్డాం. పిల్ల మూడుసార్లు ఉచ్చ అంది, మూడుసార్లూ చాటు వెతికి కూర్చోబెడితే రెండుసార్లు రాలేదని లేచింది. చివరికి మేకలను తీసుకుపోతున్న ట్రాలీ ఆటో ఒకటి కొడిమ్యాల మీదుగా కొండగట్టు దిక్కు పోతుందని తెలిసింది. "మేకలున్నయక్కా, కూసుంటవా?" అన్నాడు డ్రైవరు. పులులున్నా కూర్చునేదాన్ని. పిల్ల సంతోషం చెప్పతరం కాదు. ఒక మేక దాని గౌను అంచు నమిలింది, ఇంకొకటి రస్కుల పొట్లం తినేసింది. పిల్లాడు గుంతగుంతకూ ఏడ్చి ఏడ్చి, నా రొమ్ము పట్టుకుని నిద్రపోయాడు. ఎండ నెత్తిన కొడుతుంటే, మేక పెంటికల మధ్య కూర్చుని, మరదల్ని తిట్టాల్సిన తిట్లన్నీ పైకే అనుకున్నాను. వినడానికి మేకలే ఉన్నాయి కాబట్టి ఏ మాటా మింగలేదు.

కొండ కింద పెద్దరోడ్డు మీదకు వచ్చేసరికి దారి మూసి ఉంది. వంటావార్పు. ఉద్యమంలో అదొక తీరు: రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు కూర్చుని తింటారు. తిన్నంతసేపూ బండి కదలదు. కండువా వేసుకున్న పిలగాడొకడు మా ట్రాలీకి చెయ్యి అడ్డం పెట్టాడు. నా కూతురు మేకల మధ్య నుంచి లేచి గొంతు చించుకుని జై తెలంగాణ అంది. అందరూ పగలబడి నవ్వి దాన్ని ఎత్తుకుపోయారు. ఆడవాళ్లు పిల్లలిద్దరికీ పప్పన్నం కలిపి పెట్టారు. ఇంట్లో నాలుగు ముద్దలకు నలభై వేషాలు వేసే పిల్లాడు అక్కడ నోరు తెరుచుకుని కూర్చున్నాడు.

అప్పుడు చూశాను. జగిత్యాల వైపు ఆగిపోయిన బండ్ల వరుసలో నా తమ్ముడు. కిరాయి బండి పక్కన నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. లోపల మరదలు, పట్టుచీరలో, ఏడుస్తున్న కొడుకును ఊపుతోంది. పక్కన దాని అక్క, అన్న. పేగు కదలలేదా అంటే, కదిలింది. కానీ సంతోషంతో కదిలింది. పసిపిల్లాడితో దారి పట్టడమంటే ఏమిటో ఇప్పుడు తెలుసుకో అనుకున్నాను.

అన్నం వడ్డిస్తున్న ఆమెను అడిగాను: "బండ్లు ఎప్పుడు ఇడుస్తరు?"

"అందరు తిన్నంక. ఇంక సగం మంది తినలే."

"నిమ్మలంగ తినుండ్రి. తొందరేమున్నది?" అన్నాను.

తెలంగాణ రావాలని అందరిలాగే నేనూ కోరుకున్నదాన్నే. కానీ ఆ పూట నా మొక్కు ఒక్కటే, ఆ రోడ్డు మాత్రం తెరుచుకోకూడదు. పిలిస్తే తమ్ముడు పరుగెత్తుకుని వచ్చేవాడు. పిలవలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని, పిల్లలను తీసుకుని కొండ మెట్లెక్కడం మొదలుపెట్టాను. పిల్ల పది మెట్లు ఎక్కి కూర్చుంది. ఎత్తుకోమంది. ఒకణ్ని ఎత్తుకుంటే ఇంకొకతి ఏడుపు, దాన్ని ఎత్తుకుంటే వీడి ఏడుపు. ఒకణ్ని పది మెట్లు మోసి దించి, వెనక్కి వచ్చి రెండోదాన్ని మోసుకుంటూ ఆ కొండను రెండుసార్లు ఎక్కాననే అనుకోవాలి. కోతి ఒకటి వచ్చి పుట్నాల పొట్లం లాక్కుపోయింది. కోపం లేకపోతే సగంలోనే కూలబడేదాన్ని.

పైన తల వెంట్రుకలు తీసే కల్యాణకట్ట దగ్గర కూర్చుని వాళ్ల కోసం చాలాసేపు చూశాను. చివరికి వాళ్లూ నడిచే వచ్చారు. మరదలి పట్టుచీర మీద దాని కొడుకు వాంతి మరక. నా కళ్లు చల్లబడ్డాయి. పది నెలలుగా దాచిన మాట నాలుక మీదికి వచ్చింది. లేవబోయాను.

అప్పుడు తమ్ముడు చుట్టూ చూస్తూ, "అక్క ఇంక రాలే," అన్నాడు. మరదలు, "పన్నెండు దాటితే మంచిది కాదన్నడు అయ్యగారు. జర ఫోన్ చేయుండ్రి," అంది. దాని గొంతులో కంగారు విన్నాను. మాట ఎప్పుడైనా అనొచ్చు, నా కోసం వీళ్లు ఇలా కంగారుపడడం మళ్లీ దొరకదు అనిపించింది. పిల్లలను లాక్కుని గోడ వెనక్కి జరిగాను. ఫోన్ ఆపేశాను.

వాళ్లు వెతికారు. తమ్ముడు మెట్ల దాకా పోయి వచ్చాడు, కోనేటి దిక్కు పోయి వచ్చాడు. "అక్కా! అక్కా!" అని జనంలో అరిచాడు. మేనల్లుడు ఎండకు ఎర్రబడి ఏడుస్తున్నాడు. మంగలి, ఇంకెంతసేపని విసుక్కున్నాడు. మా తమ్ముడు మాకు పదడుగుల దూరంలో నిలబడి మళ్లీ పిలిచాడు. నా కూతురు సంబరంగా, "మామ..." అనబోయింది. నేను దాని నోటి మీద చెయ్యి పెట్టి గట్టిగా మూశాను. అది నా వైపు కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆడుకుంటున్నామనుకున్నట్టుంది ముందు. తర్వాత భయపడింది. దాని ఊపిరి వేడిగా నా అరచేతికి తగులుతోంది. అయినా తీయలేదు.

పన్నెండుకు ఇంకా ఐదు నిమిషాలు ఉండొచ్చు. మరదలి అన్న మేనల్లుణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. దాని అక్క వంగి కొంగు పరిచింది. ఇక ఆగలేకపోయాను. పిల్లలను వెంటబెట్టుకుని, ఎక్కడి నుంచో పరుగెత్తుకుని వచ్చినట్టు రొప్పుతూ వెళ్లి, ఆమెను పక్కకు జరిపి నా కొంగు పట్టాను.

"అచ్చినవా వదినె!" అంది మరదలు. అంతే అంది. కత్తెర పడింది. మేనల్లుడి మెత్తని వెంట్రుకలు నా కొంగులో రాలాయి. గెలిచాననుకున్నాను. వెంట్రుకలు మూట కట్టి లేచి, ఇక నా మాట అనబోతుండగా, నా కూతురు తమ్ముడి వేలు పట్టుకుని లాగింది.

"మామా, మేం గా గోడెంకనే ఉన్నం. నువ్వు పిలుస్తుంటే అమ్మ నా నోరు మూసింది."

తమ్ముడు గోడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "నిజమా అక్కా?" అని మెల్లగా అడిగాడు. నేను వెంట్రుకల మూటకు ఇంకో ముడి వేశాను. మరదలు ఏదో ఒకటి అంటుందని చూశాను. అనాలని కోరుకున్నాను కూడా. ఒక్క మాటంటే నా దగ్గర పది నెలల మాటలున్నాయి. మరదలు నా కూతురి బుగ్గల మీద నా వేళ్ల ముద్రలు చూసింది. దాన్ని దగ్గరికి తీసుకుని నీళ్లు తాగించింది. ఆ తర్వాత సంచి తెరిచి చీర తీసింది. కొంగు పట్టిన మేనత్తకు చీర పెట్టడం రివాజు. చీర మడతలో కుట్టి ఉన్న జాకెట్టు కనబడింది. దాని అక్క నాకంటే రెండింతలుంటుంది. ఆ జాకెట్టులో ఆమె చెయ్యి కూడా పట్టదు.

"నెల కిందనే కుట్టిచ్చిన వదినె. అత్తమ్మ పెట్టెల నీ పాత జాకెట్ ఉంటే కొలతకిచ్చిన. చిన్నోడు ఇంక పాలు తాగుతుండు గదా, ముంగట జర వదులు పెట్టుమన్న," అని నా చేతుల్లో పెట్టి, కొడుకును ఎత్తుకుని ముందుకు నడిచింది.

తిరిగి వచ్చాక తలుపు గడియ పెట్టి ఆ జాకెట్టు తొడుక్కున్నాను. భుజం జారుతుందేమో, చంక కింద పట్టేస్తుందేమో, చేతులు పొడుగయ్యాయేమో అని అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూశాను. ఒక్క వంక దొరికినా చాలు, ఆమె మీద కోపంగా ఉండొచ్చనుకున్నాను. ఎక్కడా దొరకలేదు.